చెత్తడబ్బా కంపు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఉక్కపోత, వాన కలిసి వచ్చే ఈ రోజుల్లో చెత్తడబ్బా గురించి అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపి, విశాఖపట్నం నుంచి వచ్చినవాటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో చేపో రొయ్యో ఉండాల్సిందే. తలలూ పొట్టూ కవర్లో కట్టి డబ్బాలో వేస్తాం. సోమవారం బండికి ఇచ్చాక సర్ఫుతో తోమి, ఫినాయిల్ కూడా పోస్తాం. అయినా బుధవారం దాకా మూత తీస్తే చాలు, నీచు కంపు గుప్పుమంటుంది. డబ్బా మార్చెయ్యమంటారా?
— ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

మార్చక్కర్లేదు, కడిగే వరస మార్చండి చాలు. సముద్రపు చేప ఒంట్లో సహజంగా ఉండే ఒక పదార్థాన్ని, చేప చచ్చాక బాక్టీరియా ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది. నీచు వాసనలో ఎక్కువ పాలు దానిదే. అది క్షారం. మీరు వాడే సర్ఫూ క్షారమే కాబట్టి జిడ్డును వదిలిస్తుంది గానీ ఆ వాసన జోలికి పోదు. పులుపు తగిలితే మాత్రం అది గాలిలోకి లేవని లవణంగా మారిపోయి నీళ్ళతో కొట్టుకుపోతుంది. చేప ముక్కలకు నిమ్మరసం పట్టించేది, పులుసులో చింతపండు పిసికేది రుచి కోసమే కాదు, ఇందుకు కూడా. ఫినాయిల్ చేసేదల్లా నీచు మీద ఇంకో వాసన కప్పడం. అది ఎగిరిపోగానే కిందిది బయటికొస్తుంది.

మొదట చన్నీళ్ళతోనే జాడించండి. వేడినీళ్ళు ముందే పోస్తే నెత్తురూ జిగురూ ఉడికి, ప్లాస్టిక్‌కు పొరలా అంటుకుంటాయి. ఆ తర్వాత చెయ్యి పెట్టగలిగినంత వేడి ఉన్న రెండు లీటర్ల నీళ్ళలో ఒక టీస్పూను సర్ఫు కలిపి, పాత టాయిలెట్ బ్రష్ ఒకటి దీనికే ప్రత్యేకంగా పెట్టుకుని తోమండి. అందరూ వదిలేసే చోట్లు మూడున్నాయి: మూత లోపలి వైపు, డబ్బా అంచు మడత, పిడి దూరే కన్నాలు. వాసన ఎక్కువగా దాక్కునేది అక్కడే. స్టీలు పీచు వాడొద్దు. దాని గీతల్లో జిడ్డు దిగి కూర్చుంటే తరవాత ఏ బ్రష్షుకూ అందదు.

సర్ఫు నురగ పూర్తిగా పోయేదాకా కడిగి, అప్పుడు ఒక కప్పు తెల్ల వెనిగర్, ఒక కప్పు నీళ్ళు కలిపి డబ్బా గోడలన్నీ తడిసేలా తిప్పి పావుగంట ఉంచండి. వెనిగర్ లేకపోతే నిమ్మకాయంత చింతపండు అర లీటరు నీళ్ళలో పిసికి, పిప్పి లేకుండా వడకట్టి వాడొచ్చు. పిప్పి మిగిలితే బూజు పడుతుంది. కింద పాలరాయి ఉంటే ఈ పని బాత్రూములోనో పెరట్లోనో చెయ్యండి. పులుపు పడితే రాయి మెరుపు పోతుంది. వాసన ప్లాస్టిక్‌లోకే ఇంకిపోయిన పాత డబ్బా అయితే, వెనిగర్‌లో ముంచిన పాతగుడ్డ గోడలకు అంటించి, మూత వేసి రాత్రంతా వదిలెయ్యండి.

కడిగాక నేల మీద బోర్లిస్తే లోపలి తడి ఆరదు. రెండు ఇటుకల మీద బోర్లించి, కింద నుంచి గాలి ఆడేలా రెండు మూడు గంటలు ఎండలో పెట్టండి. రోజుల తరబడి ఎండలో వదలొద్దు, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.

అసలు ఆ చెత్త డబ్బాలో ఒక రాత్రి గడపకుండా చూడటమే మేలు. వంజరం లాంటి పెద్ద చేపను బజార్లోనే శుభ్రం చేయించి, పేగులూ మొప్పలూ అక్కడే వదిలి రండి. ఇంట్లో వలిచే రొయ్య తలల్ని, నెత్తళ్ళ పొట్టల్ని గట్టి మూత ఉన్న పాత డబ్బాలో వేసి ఫ్రీజర్లో పెట్టండి. మూత మీద 'చెత్త' అని రాయడం మరవకండి. బండి వచ్చే వేళకు తీసి కాగితంలో చుట్టి ఇచ్చెయ్యొచ్చు. గడ్డకట్టినదానికి వాసన ఉండదు.

బూడిద, సున్నం చల్లే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. చేపల చెత్త మీద మాత్రం వద్దు. అవీ క్షారాలే కాబట్టి నీచును పట్టి ఉంచకపోగా గాలిలోకి ఇంకా తోలేస్తాయి. మరో మాట: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట ఆగిపోయే రోజుల్లో బొచ్చె, శీలావతి లాంటి మంచినీటి చేపలు వండుకునేవాళ్ళకు డబ్బాలో ఇంత నీచు ఉండదు. ఆ పదార్థం వాటిలో చాలా తక్కువ.

మా ఇంట్లో నీచు అన్నదే లేదు. అయినా తడి చెత్త డబ్బా పుల్లటి కంపు కొడుతుంది. మూత ఎంత గట్టిగా వేస్తే అంత ఎక్కువగా ఉంటోంది. వెనిగర్ వాడితే ఇంకా పులిసినట్టుంది.
— ఒక గృహిణి, సీతమ్మధార

మీ డబ్బాలో పనిచేస్తున్నవి ఆమ్లాలు. అన్నం, పెరుగు, సాంబారు, పండ్ల తొక్కలు నీళ్ళలో నాని పులిస్తే వచ్చేవి అవే. వాటి మీద వెనిగర్ పోస్తే ఆమ్లానికి ఆమ్లం తోడైనట్టు. మీకు కావలసింది వంటసోడా. మామూలుగా సర్ఫుతో కడిగాక, లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు టేబుల్ స్పూన్ల సోడా కరిగించి పోసి, అరగంట నాననిచ్చి పారబొయ్యండి. ఆరిన డబ్బా అడుగున ఇంకో టేబుల్ స్పూను పొడి సోడా చల్లి, దాని మీద పాత పేపరు నాలుగు మడతలు పరవండి. అంటే డబ్బా వాసన చూశాకే సీసా అందుకోవాలి. నీచు, మూత్రం ఘాటు వస్తుంటే పులుపు. పులిసిన వాసనైతే సోడా.

కానీ ఏది వాడినా, డబ్బా అడుగున నీళ్ళు నిలిచినన్నాళ్ళూ కంపు మళ్ళీ వస్తుంది. మీ ప్రశ్నలోని మూత సంగతికి కారణమూ అదే. గాలి ఆడని తడిలో పెరిగే బాక్టీరియా చేసే కంపు, గాలి తగిలే చోట పెరిగేవాటి కంపు కంటే చాలా ఘాటు. కుళ్ళిన గుడ్డు వాసన కూడా అలా గాలి అందని మడ్డిలోంచే వస్తుంది. అలాగని మూత తీసి ఉంచితే ఈగలు. అందుకే మిగిలిన సాంబారు, మజ్జిగ, గంజి ముందు సింకులో జల్లి గిన్నెలో వంచండి. కూర తరుగు, టీ పిప్పి కూడా అందులోనే అరగంట నీరు ఓడ్చాక డబ్బాలో వెయ్యండి. నర్సరీల్లో దొరికే కొబ్బరి పొట్టు తెచ్చిపెట్టుకుంటే, చెత్త వేసిన ప్రతిసారీ గుప్పెడు చల్లొచ్చు. తడి పీల్చడంలో దానికి సాటి వచ్చేది మా దృష్టిలో లేదు. పేపరు కూడా పరవాలేదు గానీ రెండో పూటకే చితికిపోతుంది.

ఇంకొకటి, డబ్బా పెద్దదైనకొద్దీ చెత్త ఎక్కువసేపు నిలవ ఉంటుంది. నలుగురున్న ఇంట్లో తడి చెత్తకు అయిదారు లీటర్ల డబ్బా సరిపోతుంది. నిండినా నిండకపోయినా రోజూ ఖాళీ చెయ్యాలి.

వెనిగర్, వంటసోడా కలిపి పోస్తే బుసబుసా పొంగి మురికంతా వదిలిపోతుందని వీడియోల్లో చూపిస్తున్నారు. నిజమేనా?
— ఒక విద్యార్థిని, అక్కయ్యపాలెం

పొంగడం నిజం. అది బొగ్గుపులుసు వాయువు బయటికి పోవడం. పొంగు ఆగేసరికి ఆమ్లమూ లేదు, క్షారమూ లేదు, కాస్త లవణం కరిగిన నీళ్ళు మిగులుతాయి. దానితో నీచూ పోదు, పులుపూ పోదు. సన్నటి గొట్టంలో ఇరుక్కున్నదాన్ని ఆ పొంగు కొంచెం కదిపితే కదపొచ్చు, డబ్బాలో ఆ ఉపయోగం కూడా లేదు. రెండూ వాడాలనుకుంటే ఒకటి పోసి, బాగా కడిగి, ఆ తర్వాత రెండోది.

రెండు రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి డబ్బా నిండా తెల్ల పురుగులు. ఉప్పు చల్లాం, ఫినాయిల్ పోశాం, వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చాయి. ఎక్కడి నుంచి పుడుతున్నాయి?
— ఒక పాఠకుడు, గోపాలపట్నం

ఎక్కడినుంచో రావు, ఈగ పెట్టిన గుడ్లే అవి. మన వేడికి గుడ్డు ఒక్క రోజులోపే పగిలి పురుగవుతుంది. అయిదారు రోజులు తిని, ఒళ్ళు పెంచుకుని, తడి వదిలి పొడి చోటు వెతుక్కుంటూ డబ్బా బయటికి పాకుతుంది. అక్కడ గోధుమరంగు గట్టి గింజలా మారి, కొద్ది రోజులకు ఈగై లేస్తుంది. మొత్తం వ్యవహారం వారం పది రోజుల్లో ముగుస్తుంది. మీరు డబ్బా లోపలివాటిని చంపారు గానీ, అప్పటికే బయటికి పాకిపోయినవి మిగిలాయి.

కాబట్టి ఈసారి డబ్బాను పక్కకు జరిపి, దాని అడుగు, వెనక గోడ మూల, సింకు కింది చెక్క సందు, కాళ్ళు తుడుచుకునే పట్టా కింద చూడండి. గోధుమరంగు గింజలు కనిపిస్తే చీపురుతో ఊడ్చి సబ్బునీళ్ళలో వెయ్యండి. డబ్బాలోని చెత్తను కవర్లో మూటగట్టి బండికి ఇచ్చాక, మరిగిన నీళ్ళు ఒక్క నిమిషం చల్లారనిచ్చి గోడల మీదుగా పొయ్యండి. పల్చటి ప్లాస్టిక్ డబ్బాలో సలసల మరిగేవి పోస్తే అడుగు వంకరపోతుంది. వేడినీళ్ళకు గుడ్లూ పురుగులూ రెండూ చస్తాయి. ఉప్పుకు పురుగులు ఎండిపోతాయి గానీ, అందుకు చాలా ఉప్పు కావాలి, గుడ్ల మీద నమ్మకం పెట్టుకోలేం.

తరవాత నుంచి వారానికి రెండుసార్లు కడిగితే చాలు, గుడ్డు ఈగ అయ్యే లోపే చక్రం తెగిపోతుంది. మామిడి టెంకలు, పనస తొక్కలు, ముంజకాయ బుర్రలు వచ్చే వేసవిలో అయితే రోజు విడిచి రోజు కడగాలి. అరటి తొక్కల చుట్టూ ముసిరే సన్నటి పండుఈగలు వేరే జాతి. వాటికి చిన్న గిన్నెలో రెండు స్పూన్ల వెనిగర్, చిటికెడు పంచదార, రెండు చుక్కల అంట్లు తోమే లిక్విడ్ వేసి డబ్బా పక్కన పెట్టండి. లిక్విడ్ వెయ్యకపోతే అవి ద్రవం మీద వాలి, తాగి, లేచిపోతాయి. అది పడితేనే మునుగుతాయి.

బ్లీచింగ్ పౌడరు ఎంత కలపాలి? పోయినసారి టాయిలెట్ ఆసిడ్‌తో కడిగి, వెంటనే ఇది చల్లితే కళ్ళు మండి, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.
— ఒక పాఠకురాలు, మర్రిపాలెం

ముందు రెండో సంగతి. బ్లీచింగ్‌కు ఆసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తుల్ని కాల్చే విషం. వెనిగర్, నిమ్మరసం, చింతపండు నీళ్ళు తగిలినా అంతే, కాకపోతే కాస్త నెమ్మదిగా. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌తో, మూత్రం ఊరిన డబ్బాతో కలిసినా ఇంకో రకం విషవాయువులు వస్తాయి. ఇంకెప్పుడైనా అలా జరిగితే వంగి కడగబోవద్దు. తలుపులు తెరిచి బయటికి వచ్చెయ్యండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక కొలత. తాజా బ్లీచింగ్ పౌడర్లో పనిచేసే క్లోరిన్ సుమారు 30 శాతం. లీటరు చన్నీళ్ళకు మట్టంగా ఒక టీస్పూను, అంటే మూడు నాలుగు గ్రాములు, చాలు. కలిపి పది నిమిషాలు వదిలితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్ళు మాత్రమే వాడండి. సీసాల్లో వచ్చే 5 శాతం ద్రవమైతే లీటరుకు 20 మిల్లీలీటర్లు. డబ్బా గోడలు తడిపి పది నిమిషాలు ఉంచి కడిగెయ్యండి. వేడినీళ్ళలో కలపొద్దు, క్లోరిన్ ఎగిరిపోతుంది. గ్లౌజులు వేసుకోండి.

చాలామంది మురికి డబ్బాలోనే పౌడరు చల్లేసి ఊరుకుంటారు. మురికి ఆ క్లోరిన్‌ను తినేస్తుంది, సూక్ష్మజీవులకు ఏమీ మిగలదు. సబ్బుతో కడిగాకే బ్లీచింగ్. అదీ నెలకోసారి, లేదా పురుగులు పట్టినప్పుడు. వారం వారం అక్కర్లేదు. కిరాణా కొట్లో తెరిచిన బస్తాలోంచి తూచి ఇచ్చే పౌడరు సముద్రపు తేమకు సారం పోయి ఉండొచ్చు. ఘాటు వాసన లేకుండా, ఉండలు కట్టి ఉంటే అది వట్టి సున్నంతో సమానం. చిన్న ప్యాకెట్ కొని, గాలి చొరబడని ప్లాస్టిక్ సీసాలో, స్టీలు సామాన్లకు దూరంగా దాచండి.

బీచ్‌కు దగ్గర్లో ఉంటాం. స్టీలు పెడల్ డబ్బా కొన్న ఏడాదికే తుప్పు మచ్చలు, పెడల్ కిర్రుమంటోంది. లోపలి బకెట్ రోజూ కడుగుతున్నా వాసన.
— ఒక పాఠకుడు, లాసన్స్ బే కాలనీ

వాసన బకెట్‌లో లేదు. బకెట్‌కూ బయటి డొల్లకూ మధ్య కారిన నీళ్ళు అడుగున నిలిచి ఉంటాయి. బకెట్ తీసి టార్చి వేసి చూడండి. మూత లేపే సన్న కడ్డీ కిందుగా పోయే చోట మడ్డి కనిపిస్తుంది. డొల్లను పక్కకు పడుకోబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో, సబ్బునీళ్ళతో తోమి, పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. ఆ తర్వాత అడుగున పేపరు పరిస్తే, బకెట్ కారిందో లేదో పేపరే చెబుతుంది.

తుప్పుకు ఉప్పుగాలి ఒక కారణం. బ్లీచింగ్ వాడుతుంటే అది రెండోది. రెండింటిలోని క్లోరైడూ స్టెయిన్‌లెస్ స్టీలును కూడా చుక్కలు చుక్కలుగా తింటుంది. స్టీలు డబ్బాకు బ్లీచింగ్ మానెయ్యండి, వేడినీళ్ళూ సబ్బూ చాలు. మచ్చల మీద వంటసోడా ముద్ద పెట్టి మెత్తటి గుడ్డతో, గీతలున్న దిశలోనే రుద్దండి. మూత బందులకు, పెడల్ కీలుకు కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క వెయ్యండి. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్ళకు జిగురెక్కి దుమ్ము పట్టేస్తుంది. సముద్రం పక్కన ఉండేవాళ్ళు మళ్ళీ కొనేటప్పుడు ప్లాస్టిక్ పెడల్ డబ్బా కొనుక్కోవడమే నయమని మా అభిప్రాయం.

చంటిపిల్ల డైపర్ల డబ్బా. ఘాటుకి గదిలో ఉండలేకపోతున్నాం. కలరా ఉండలు వెయ్యొచ్చా?
— ఒక తల్లి, మధురవాడ

కలరా ఉండలు వద్దు. అవి నాఫ్తలీన్‌వైతే ఆ ఆవిరి పసిపిల్లలకు మంచిది కాదు, కొందరు పిల్లల్లో ఎర్ర రక్తకణాలనే పగలగొడుతుంది. ఉండ నోట్లో పెట్టుకునే ప్రమాదం సరేసరి.

ఆ ఘాటు అమోనియాది. మూత్రంలోని యూరియాను బాక్టీరియా విడగొడితే వస్తుంది. అదీ క్షారమే కాబట్టి మందు వెనిగరే, చేపలకు చెప్పిన కొలతలోనే. ఈ డబ్బాకు బ్లీచింగ్ మాత్రం వాడొద్దు. డైపర్లో దొడ్డికి ఉంటే ముందు టాయిలెట్లో దులిపి, డైపర్‌ను లోపలికి మడిచి దాని అంటు పట్టీలతోనే బిగించి, పేపర్లో చుట్టి వెయ్యండి. ఇలాంటివాటిని చుట్టే ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే చెప్పారు. మూడు రంగుల డబ్బాలు వాడే ఇళ్ళలో ఇది ఎర్రదాన్లోకి పోవాలి. చుట్టకుండా వేస్తే దాన్ని చేత్తో తియ్యాల్సింది పారిశుద్ధ్య కార్మికులే.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో రెండు పెద్ద చక్రాల డబ్బాలున్నాయి. కడిగిన నీళ్ళు ర్యాంపు మీదుగా రోడ్డు పక్క కాలవలోకి పోతున్నాయని పక్కవాళ్ళ గొడవ. ఎలా కడిగించాలి?
— అసోసియేషన్ సభ్యుడు, ఎండాడ

గొడవ న్యాయమైనదే. రోడ్డు పక్క వాననీటి కాలవ గెడ్డలో కలుస్తుంది, గెడ్డ సముద్రంలో కలుస్తుంది. కడిగిన నీళ్ళు మురుగు పైపులోకో సెప్టిక్ ట్యాంకు లైన్లోకో పోయే చోటే పని జరగాలి. సెల్లార్లో అలాంటి నానీ ట్రాప్ (నేల మీది నీళ్ళు మురుగు పైపులోకి దిగే కన్నం) ఉందేమో ప్లంబర్‌తో చూపించుకోండి. దాని మీద జాలీ తప్పనిసరి.

ముందు నీళ్ళు ముట్టకుండా, పొడుగు కర్రకు కట్టిన రేకుతో అడుగు గీకించండి. సగం పని అక్కడే అయిపోతుంది, నీళ్ళూ సగం ఆదా. తర్వాత డబ్బాను నేల మీద పడుకోబెట్టి, అయిదు లీటర్ల వేడినీళ్ళలో మూడు టేబుల్ స్పూన్ల సర్ఫు కలిపి, పొడుగు పిడి బ్రష్షుతో లోపలి మూలలు తోమాలి. నిలబెట్టి తోమితే మనిషి తల లోపలికి పెట్టాల్సి వస్తుంది, అది వద్దు. తోమేవాళ్ళకు మోచేతి దాకా వచ్చే గ్లౌజులు, బూట్లు అసోసియేషనే కొనివ్వాలి. చక్రాల ఇరుసు దగ్గర చుట్టుకున్న కవర్లూ వెంట్రుకలూ కత్తిరించి తియ్యండి, బొద్దింకలు అక్కడ చేరతాయి. మూతలు తెరిచి, ఎండ పడే చోట ఆరబెట్టాకే లోపలికి తేవాలి. వారానికోసారి, వానాకాలంలో రెండుసార్లు.

తుఫాను రోజుల్లో రెండు మూడు రోజులు బండి రాదు. తడి చెత్త ఏం చెయ్యాలి?
— ఒక పాఠకురాలు, గాజువాక

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటూ నీళ్ళూ రోజుల తరబడి లేని సంగతి మీకూ తెలిసిందే. అలాంటప్పుడు ఫ్రీజర్ చిట్కా పనికిరాదు. కరిగిందంటే డబ్బాలో ఉన్నదానికంటే అన్యాయం. కాబట్టి తుఫాను హెచ్చరిక రాగానే ఫ్రీజర్లోని చెత్తను ముందు బండికి ఇచ్చెయ్యండి. నీచు వండటం ఆ రోజులకు ఆపెయ్యండి.

పెరడు ఉంటే అడుగున్నర లోతు గొయ్యిలో పూడ్చి, పైన కనీసం అడుగు మట్టి కప్పండి. తక్కువైతే కుక్కలు తవ్వేస్తాయి. వాన నీరు నిలిచే పల్లంలో, నూతికి దగ్గర్లో మాత్రం వద్దు. ఫ్లాట్ అయితే మూతున్న బకెట్ అడుగున రెండు అంగుళాల పొడిమట్టి గానీ కొబ్బరి పొట్టు గానీ వేసి, నీరు ఓడ్చిన చెత్త ఒక పొర, దాని మీద అంతే మందాన పొడిమట్టి ఇంకో పొర, అలా పేర్చుకుంటూ పోండి. మూత పూర్తిగా బిగించకుండా, పల్చటి గుడ్డ కట్టి దాని మీద వదులుగా పెడితే గాలి ఆడుతుంది, ఈగ దూరదు. నాలుగైదు రోజులు ఇలా నడిచిపోతుంది. మట్టి వాన రాకముందే గోనెసంచిలో నింపి లోపల పెట్టుకోవాలి, తడిసిన మట్టి ఈ పనికి రాదు.